వారం వారం మింగే గోలి వెనక మనిషి
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం)

రాసినది: 9వ తరగతి విద్యార్థిని

వారానికి ఒకసారి అన్నం తిన్నాక మనకు నీలం రంగు గోలి ఇస్తరు కదా. కొందరు మింగుతరు. కొందరు కడుపులో తిప్పుతది అని గుప్పిట్లో దాచి కిటికీ బయట పారేస్తరు. ఆ గోలిలో రెండు మందులు ఉంటయి. ఒకటి ఐరన్, అంటే ఇనుము. రెండోది ఫోలిక్ యాసిడ్. ఐరన్ పేరు అందరం విన్నం. కానీ ఫోలిక్ యాసిడ్ ను మొదట తయారు చేసిన శాస్త్రవేత్తల గుంపుకు పెద్ద మన తెలుగాయనే అని చాలామందికి తెల్వదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఈసారి మన గోడపత్రికలో ఆయన కథ చదవండి.

చిన్నతనం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి పేరు జగన్నాథం, తల్లి పేరు వెంకమ్మ. తండ్రికి ఆరోగ్యం బాగుండేది కాదు. ఇంట్లో పిల్లలు ఎక్కువ, డబ్బు తక్కువ. చదువు మీద ఆ పిల్లవాడికి మనసు లేదు. పదమూడేళ్ళ వయసులో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరాడు. ఎందుకో తెలుసా? అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని! అయితే దారిలోనే దొరికిపోయాడు. తల్లి వెనక్కి తెచ్చి మళ్ళీ బడిలో వేసింది.

మెట్రిక్ పరీక్ష రెండుసార్లు ఫెయిలయ్యాడు. తల్లి మాత్రం చదువు మాన్పించలేదు. నగలు అమ్మి అయినా చదివించింది అని ఆయన జీవితం రాసినవాళ్ళు చెప్తరు. చివరికి మద్రాసులో హిందూ హైస్కూలులో చేరి మూడోసారి పాసయ్యాడు. ఫెయిలైతే ఇంటికి పోయి పశువులు కాస్త అనే మన అక్కలూ అన్నలూ ఈ మాట రెండుసార్లు చదవాలె.

తర్వాత సన్యాసం తీసుకొని రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. అందుకే మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అప్పుడు గాంధీగారు విదేశీ బట్టలు వద్దన్నారు. సుబ్బారావు ఆపరేషన్ గదికి కూడా ఖద్దరు వేసుకొని పోయేవారు. ఇంగ్లీషు ప్రొఫెసరుకు అది నచ్చలేదు. బాగా చదివినా ఎం.బి.బి.ఎస్. ఇవ్వకుండా దానికన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్. డిగ్రీ ఇచ్చారు. డిగ్రీ చిన్నదైతే మనిషి చిన్నవాడు అవుతాడా? కాలేదు, ముందు చూడండి.

ఇంట్లో ఇద్దరు పోయారు

ఆ ఇంట్లో పెద్ద కష్టం వచ్చింది. సుబ్బారావు అన్న, తమ్ముడు ఇద్దరూ కొద్ది రోజుల తేడాలోనే చనిపోయారు. స్ప్రూ అనే జబ్బు వచ్చింది. ఆ జబ్బులో విరేచనాలు ఆగవు. తిన్న తిండి ఒంటికి పట్టదు. నెత్తురు తగ్గిపోయి మనిషి ఎండిపోతడు. తర్వాత సుబ్బారావుకు కూడా అదే జబ్బు వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి అనే ఆయుర్వేద వైద్యుడి మందుతో బతికారు. డాక్టరు చదువు చదివినవాడు తన అన్నదమ్ములను బతికించుకోలేకపోయాడు. ఈ జబ్బులు ఎందుకు వస్తున్నయి, మందు ఎట్ల దొరుకుతది అనే ఆలోచన ఆయనను వదల్లేదు.

అమెరికా ప్రయాణం

1920ల మొదట్లో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరానికి పోయారు. మామగారు డబ్బు ఇచ్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కూడా సాయం చేసింది. అక్కడ దిగేసరికి చేతిలో డబ్బు లేదు. పగలు హార్వర్డ్ యూనివర్సిటీలో చదువు, రాత్రి ఆసుపత్రిలో చాకిరీ. రోగుల మంచాల దగ్గర చేసే చిన్న పనులన్నీ చేశారు. ఆ పని చేసినందుకు సిగ్గుపడలేదు.

అక్కడ సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి నెత్తురులో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. దాన్ని ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటరు. తర్వాత కండరాల్లో రెండు పదార్థాలు కనిపెట్టారు. ఒకటి ఫాస్ఫోక్రియాటిన్, ఇంకోటి 1929లో ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమన్ అనే ఆయన కూడా ఏటీపీని వేరుగా కనిపెట్టాడు.

ఏటీపీ అంటే ఏందో నేను ఇట్ల అర్థం చేసుకున్న. గాదెలో జొన్నలు ఉంటయి. కానీ అంగడిలో ఉప్పు కొనాలంటే గాదెను మోసుకొని పోలేం. జొన్నలు అమ్మి చిల్లర పైసలు చేసుకుంటం. మనం తిన్న అన్నం గాదెలోని జొన్న. ఏటీపీ చేతిలోని చిల్లర. పరుగెత్తినా, రెప్ప కొట్టినా ఒళ్ళు ఆ చిల్లరే ఖర్చు పెడతది.

1930లో ఆయనకు హార్వర్డ్ లో డాక్టరేట్ వచ్చింది. ఇంత చేసినా అక్కడ శాశ్వతమైన ఉద్యోగం దొరకలేదు. అందుకే 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. కంపెనీ వ్యాపారం కోసమే మందులు చేస్తది. కానీ దానికి డబ్బు ఉంది, పెద్ద ల్యాబ్ ఉంది, పనిచేసేవాళ్ళు ఉన్నరు. సుబ్బారావు దగ్గర తీరని ప్రశ్నలు ఉన్నయి. రెండూ కలిశాయి.

ఆకులో దాగిన మందు

ఫోలిక్ యాసిడ్ కథ మన దేశంలోనే మొదలైంది. లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణీ స్త్రీలను చూసింది. వాళ్ళు బట్టల మిల్లుల్లో పనిచేసే పేదవాళ్ళు. నెత్తురు లేక పాలిపోయి ఉండేవాళ్ళు. ఈస్టు నుంచి తీసిన రసం తినిపిస్తే వాళ్ళకు నయమైంది. ఈ సంగతి ఆమె 1931లో రాసింది. అందులో ఏదో మందు ఉందని తెలిసింది కానీ అది ఏమిటో తెలియలేదు. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు 4 టన్నుల పాలకూర నుంచి కొంచెం పదార్థం తీశారు. లాటిన్ భాషలో ఆకును ఫోలియం అంటరు. అందుకే దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

టన్నుల ఆకుకూర పిండితే చిటికెడు వస్తే ఎంతమందికి సరిపోతది? సుబ్బారావు బృందం దాన్ని రసాయనాలతో తయారు చేసే పని మీద పడింది. 1945లో సాధించారు. ఆ తర్వాత క్యూబా దేశంలో స్ప్రూ రోగులకు ఇస్తే వాళ్ళు లేచి తిరిగారు. చూశారా! అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన చేతుల మీదుగానే మందు వచ్చింది. వాళ్ళకు అందలేదు. కానీ ప్రపంచానికి అందింది.

తాళానికి దొంగ తాళంచెవి

బోస్టన్ లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు నెత్తురు క్యాన్సర్ వచ్చిన పిల్లలను చూసేవాడు. ఫోలిక్ యాసిడ్ వంటివి ఇస్తే ఆ క్యాన్సర్ ఇంకా పెరుగుతున్నట్టు కనిపించింది. అయితే ఫోలిక్ యాసిడ్ అందకుండా చేస్తే? సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్ లాగే కనిపించే వేరే పదార్థం చేసి ఇచ్చింది. దొంగ తాళంచెవి తాళంలో దూరుతది కానీ తిరగదు. అసలు చెవిని కూడా దూరనియ్యదు. ఇది కూడా అట్లనే. 1948లో ఫార్బర్ ఫలితం చెప్పాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం బాగైంది. అంతకు ముందు ఆ జబ్బుకు మందే లేదు. దాని తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్ ను ఇప్పటికీ క్యాన్సర్ కూ, కీళ్ళవాతానికీ ఇస్తున్నరు.

ఇంకా రెండు మందులు చెప్పాలె. బోదకాలు రాకుండా ఊళ్ళల్లో ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ గోలి ఆయన బృందం 1947లో ఇచ్చిందే. 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. దాన్ని కనిపెట్టింది డగ్గర్ అనే ముసలాయన. డెబ్బై దాటి రిటైరైన ఆయనకు సుబ్బారావు ల్యాబ్ లో పని దొరికింది. మట్టిలో ఉండే సూక్ష్మజీవి నుంచి ఈ మందు తీశారు. రంగు బంగారం లాగ ఉంటది.

అదే 1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. ఆయన మళ్ళీ ఇండియాకు రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. పుట్టిన కొడుకు పసిప్రాయంలోనే పోయాడు. ఆమె ఒక్కతే ఎదురుచూస్తూ ఉంది. ఇది చదివితే నాకు బాధ అనిపించింది. గొప్పవాళ్ళ కథలో ఇంటి దగ్గర మిగిలినవాళ్ళ కష్టం కూడా రాయాలె అని రాస్తున్న.

మనకు ఏం సంబంధం?

చాలా ఉంది. మా చిన్నాయన కొడుక్కి సికిల్ సెల్ జబ్బు ఉంది. మా గోండు గూడేలల్ల ఇది చాలా ఇండ్లల్ల ఉంది. ఈ జబ్బు ఉన్నవాళ్ళ ఎర్ర రక్తకణాలు కొడవలి లాగ వంగి తొందరగా పగిలిపోతయి. ఒళ్ళు ఎప్పుడూ కొత్త కణాలు చేస్తనే ఉండాలె. దానికి ఫోలిక్ యాసిడ్ కావాలె. అందుకే మా తమ్ముడికి డాక్టర్లు రోజూ ఆ గోలి రాసిన్రు. అది మింగినంత మాత్రాన జబ్బు పోదు. కానీ నెత్తురు మరీ తగ్గకుండా కాస్తది. సికిల్ సెల్ ఉన్నవాళ్ళు ఐరన్ గోలి మాత్రం డాక్టరును అడిగే మింగాలె.

మన ఆడపిల్లలకు నెలనెలా నెత్తురు పోతది. ఐరన్, ఫోలిక్ యాసిడ్ తక్కువైతే కండ్లు తిరుగుతయి, చదివింది ఎక్కదు. గర్భం మొదట్లో ఫోలిక్ యాసిడ్ తక్కువైతే బిడ్డ వెన్నెముకలో లోపం వచ్చే ప్రమాదం ఉంటది. కడుపులో తిప్పుతదని భయపడేవాళ్ళు ఖాళీ కడుపుతో కాకుండా అన్నం తిన్నాకనే మింగాలె. మెస్సులో తోటకూర, పాలకూర పెట్టినరోజు పక్కకు జరపకండి.

మన లాలాపేట్ నుంచి తార్నాక పోతే ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఉప్పులోనే ఐరన్, అయోడిన్ రెండూ కలిపే పద్ధతి తయారు చేసింది అక్కడే. ఆ గేటు ముందు నుంచి పోయినప్పుడల్లా నాకు ఒక ఆలోచన వస్తది. సుబ్బారావుగారు తన ఇంటి జబ్బుకు మందు వెతికారు. మన గూడెం జబ్బుకు మందు వెతికేది ఎవరు? మనలో ఒకరు ఎందుకు కాకూడదు? రెండుసార్లు ఫెయిలైనా పర్వాలేదు. మూడోసారి పరీక్షకు కూర్చోవాలె, అంతే.

మీకు తెలుసా?
★ 1953లో ఒక బూజు జాతికి సుబ్బారావుగారి పేరు మీద సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టారు.
★ 1995లో ఆయన నూరేళ్ళ పండుగకు మన తపాలా శాఖ స్టాంపు వేసింది.
★ ఆకుకూర ఎక్కువసేపు ఉడికిస్తే అందులోని ఫోలిక్ యాసిడ్ చాలా వరకు పోతది. వంట అక్కలకు చెప్పండి!