నూలుమిల్లు బాలుడు: డేవిడ్ లివింగ్‌స్టన్

స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరమునకు ఆగ్నేయముగా సుమారు 8 మైళ్ల దూరమున, క్లైడు నది యొడ్డున బ్లాంటైరు అను ఊరు కలదు. 1785వ సంవత్సరమున డేవిడ్ డేల్, జేమ్స్ మాంటీత్ అను వర్తకులు అచ్చట నదీజలముల బలముచే తిరుగు నూలుమిల్లును స్థాపించిరి. పనివారికొఱకు కట్టిన యిండ్లలో ఒకదానికి షటిల్ రో, అనగా నాడెల వరుస, అని పేరు. ఆ మూడంతస్తుల కట్టడములో 24 కుటుంబములు గదికొకటి చొప్పున కాపురముండెడివి. అట్టి యొక గదిలో 1813 మార్చి 19వ తేదీన డేవిడ్ లివింగ్‌స్టన్ జన్మించెను. తండ్రి నీల్ తేయాకు అమ్ముకొని జీవించు భక్తిపరుడు. తల్లి ఆగ్నెస్ పొదుపరి.

పదియవ యేట డేవిడ్ మిల్లులో చేరెను. వడకు యంత్రములపై తెగిన పోగులను వెంటనే అతుకుట వాని పని. ఉదయము 6 గంటలు మొదలు రాత్రి 8 గంటలవరకు, భోజనవిరామములు తప్ప, తీరిక లేదు. పిమ్మట 10 గంటలవరకు మిల్లువారి రాత్రిబడి. మొదటి వారపు కూలిలో కొంత వెచ్చించి అతడు లాటిన్ వ్యాకరణమును కొనెను. పుస్తకమును యంత్రముపై తెఱచి నిలిపి, దానిని దాటి పోవునప్పుడెల్ల ఒక్కొక్క వాక్యము చదువుకొనుచుండెను. ఇంటివద్ద అర్ధరాత్రి యైనను చదువు మానకున్నచో, తల్లి పుస్తకమును లాగికొని వానిని పరుండబెట్టెడిది.

విద్యార్థులారా, ఇది విని పసివారికి కూలిపని మేలుచేయునని తలంపకుడు. అంతటి శ్రమ తరువాత మేలుకొని చదువగలిగిన మిల్లుబాలురు బహు కొద్దిమంది. ఒక్కడు పైకి వచ్చెనని మనము మెచ్చుకొనునప్పుడు, యంత్రముల నడుమనే బాల్యమును పోగొట్టుకొనిన తక్కినవారిని మఱువరాదు.

19వ యేట అతడు వడకువాడై హెచ్చు కూలి సంపాదించెను. ఆ డబ్బు కూడబెట్టి 1836లో గ్లాస్గోలో వైద్యవిద్య నారంభించెను. 1805లో విశాఖపట్టణమున పని ప్రారంభించిన లండన్ మిషనరీ సంఘమే ఇతనిని స్వీకరించెను. చైనాకు పోదలచెను గాని, నల్లమందు యుద్ధము అడ్డువచ్చుటచే 1840 డిసెంబరులో ఆఫ్రికాకు ఓడయెక్కెను. 1844లో సింహమొకటి వాని యెడమచేతి యెముకను నమలివేసెను. ఆ చేయి మఱెన్నడును పూర్తిగా బాగుపడలేదు. 1856 నాటికి అతడు ఆఫ్రికా ఖండమును పడమటి తీరమునుండి తూర్పు తీరమువరకు దాటెను.

ఆ ప్రయాణములలో బానిసవ్యాపారపు ఘోరములను కన్నులార చూచెను. ఆ కాలమున స్కాట్లండు మిల్లులకు వచ్చు దూదిలో అధికభాగము అమెరికాలో బానిసలచే పండింపబడినదే. ఆఫ్రికావారు తమ పొలములలో దూది పండించి న్యాయముగా అమ్ముకొనినచో బానిసవ్యాపారము సన్నగిల్లునని ఈ మాజీ నూలుపనివాడు నమ్మెను. ఈ ఆశతో 1858లో జాంబెజీ నదీయాత్ర సాగించెను. నదిలోని జలపాతములు ఓడను ఆపెను. జ్వరములు తోడివారిని హరించెను. 1862లో భార్య మేరీ మరణించెను. అంతకంటె బాధాకరమైనది వేఱొకటి కలదు. అతడు కనుగొనిన త్రోవలనే బానిసవర్తకులు అనుసరించిరి. యాత్ర విఫలమై 1864లో ముగిసెను.

అయినను 1866లో మరల ఆఫ్రికాకు మరలెను. 1871లో న్యాంగ్వే సంతలో వర్తకులు జనులను కాల్చిచంపుట చూచి ఆ వార్తను లోకమునకు తెలియజేసెను. అది ఇంగ్లండులో ప్రజల మనస్సులను కదల్చెను. 1873 జూనులో జాంజిబారు బానిసల సంత మూయబడెను. కాని అంతకు నెలరోజులు ముందే, మే నెల ఆరంభమున, చిటాంబో గ్రామమున లివింగ్‌స్టన్ కన్నుమూసెను.

అతని గుండెను అచ్చటనే చెట్టుక్రింద పాతిపెట్టి, చూమా, సూసీ మొదలగు ఆఫ్రికా అనుచరులు దేహమును వేయిమైళ్లకు పైగా మోసి సముద్రతీరమునకు చేర్చిరి. చూమా ఒకప్పుడు బానిసవర్తకుల చేతినుండి విడిపింపబడిన బాలుడు. సమాధిప్రార్థన చదివిన జేకబ్ వెయిన్‌రైట్ కూడ బానిసత్వమునుండి విముక్తుడై, మన దేశమున నాసిక్ మిషను పాఠశాలలో చదివినవాడు. లండనులో నలిగిన యెడమచేతి యెముకనుబట్టి దేహమును గుర్తించి, 1874 ఏప్రిల్ 18వ తేదీన వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేసిరి.

బ్లాంటైరులో ఆ మిల్లులు నేడు లేవు. నాడెల వరుస మాత్రము నిలిచి, 1929 మొదలు లివింగ్‌స్టన్ స్మారక ప్రదర్శనశాలగా నున్నది. ఒక కుటుంబమంతయు నివసించిన ఆ చిన్నగదిని చూచుటకు దూరదేశములనుండి జనులు వచ్చుచున్నారు. అతడు ఆరంభించిన పనులలో పెక్కు అతని కన్నులయెదుట నెరవేరలేదు. తెగిన పోగును విడువక అతుకుట మాత్రము అతడు బాల్యముననే నేర్చుకొనెను. తుదివరకు దానిని మానలేదు.