ఋతువులను చదివిన వైద్యుడు

మాఘమాసము ముగియవచ్చుసరికి కృష్ణాతీరపు ముఖము మారును. దివిసీమ పొలములను వేకువజామున కప్పియుండు మంచుతెర దినదినము పలుచనగును. వరికోతలైన మళ్ళలో మినుము కాయలు ముదిరి ఆకు పసుపువారును. శీతకాలమంతయు కొల్లేటి నాశ్రయించిన పరదేశపు బాతులు ఉత్తరదిక్కునకు మరలును. మామిడిపూత పిందె కట్టును. మెట్టనేలలలో ఆకురాల్చిన మోదుగుచెట్లు నిప్పుకణములవంటి పూలతో నిండును. కూచిపూడి బాలుడైనను, బందరు బాలికయైనను ఈ మార్పులను ఏటేట చూచుచునే యుందురు. అయితే చూచుట వేరు, చూచినదానిని తేదీ వేసి వ్రాసియుంచుట వేరు. ఈ రెండవ పనిని మన తెలుగుతీరమున జీవితవ్రతముగా సాగించిన పరదేశీయుడు విలియం రాక్స్‌బర్గ్.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యవిద్య నభ్యసించెను. అచట జాన్ హోప్ అను ఆచార్యుడు వృక్షశాస్త్రమును బోధించుచుండెను. ఆయన మొక్కల పేళ్ళతో తృప్తిపడక, అవి పెరుగు తీరును ప్రయోగములచే పరిశీలించిన పండితుడు. మొక్కకును, ఎండవానలకును గల సంబంధమును తెలిసికొనవలెనను ఆసక్తి శిష్యునకు ఆ గురువువలననే కలిగెను.

1776లో రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ కొలువులో సహాయ వైద్యుడై చెన్నపట్నము చేరెను. చేరినది మొదలు దినమునకు మూడుమార్లు ఉష్ణమాపకమును, వాయుభారమాపకమును చూచి అంకెలను వ్రాసికొనుచుండెను. ఒకనాడు వ్రాసి, ఒకనాడు మానుట ఆయన యెరుగడు. ఇట్లు పదునాలుగేండ్లకు పైబడి వ్రాసెను. చెన్నపట్నమునందలి ఆ తొలి లెక్కలను లండనులోని రాయల్ సొసైటీ తన సంపుటములలో ప్రకటించెను.

1781లో ఆయన నేటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటకు వచ్చెను. అచట ఒక తోటను నెలకొల్పి మిరియము, కాఫీ, దాల్చినచెక్క, సీమపనస మున్నగువానిని పెంచెను. కంపెనీవారి దృష్టి లాభముపైన నుండెను. రాక్స్‌బర్గ్ వారి యుద్యోగియే యైనను, ఆయన చూపు తోటగోడతో ఆగలేదు. చేలగట్లను, ఇసుకదిబ్బలను, కొండపాదములను తిరిగి కనబడిన ప్రతి మొక్కను పరిశీలించెను. ఏ చెట్టు చలికాలమున పూచునో, ఏది ఎండల తొలిదినములలో పూచునో, కాయ ఎప్పుడు పండునో గుర్తించెను. మొక్కను తెచ్చి ఇచ్చినవారు, దాని పేరును, ఉపయోగమును చెప్పినవారు ఇచటి పల్లెజనులే. బొమ్మలను గీసినవారు మనదేశపు చిత్రకారులే. రాక్స్‌బర్గ్ తన గ్రంథములలో లాటిను పేరు ప్రక్కన తెలుగు పేరును కూడ వ్రాసెను. సోమిద అను మన చెట్టుపేరే కొంత మార్పుతో దాని శాస్త్రనామమైనది. మోదుగును ఆయన బ్యూటియా అను పేర వర్ణించెను. మచిలీపట్టణపు అద్దకపు వస్త్రములకు ఎఱ్ఱని రంగునిచ్చిన చిరివేరు మొక్కయు ఆయన గ్రంథమున చోటు సంపాదించెను.

ఆయన ఓపికకు ఒక్క నిదర్శనము చాలును. 1789 నవంబరులో, చలి ప్రారంభమైన దినములలో, కొందరు కొండలనుండి లక్క యంటిన కొమ్మలను తెచ్చి ఆయనకిచ్చిరి. మరియొకరైన వానిని ఒకమారు చూచి పారవేసియుందురు. రాక్స్‌బర్గ్ వానిని భద్రపరచి కనిపెట్టుచుండెను. పదునాలుగు దినములు గడచిన పిమ్మట, డిసెంబరు 4వ తేదీన, ఆ లక్కనుండి మిక్కిలి సూక్ష్మమైన పురుగులు అసంఖ్యాకముగా వెలువడి ప్రాకజొచ్చెను. వాని ఆకారమును, జీవితక్రమమును వర్ణించి ఆయన వ్రాసిన వ్యాసము కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సంపుటములలో వెలువడెను.

ఈ కృషి నిరాటంకముగ సాగినది కాదు. 1787 మే నెలలో గోదావరి ముఖప్రాంతమును పెనుతుఫాను, ఉప్పెన ముంచివేసెను. కోరంగి రేవు నాశనమై వేలకొలది జనులు మృతినొందిరి. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెననుగూర్చి పెద్దలవలన విన్నవారు ఆ దృశ్యమును ఊహింపగలరు. ఆ నీటిలో రాక్స్‌బర్గ్ పుస్తకములు, ఏండ్ల తరబడి కూర్చిన మొక్కల నమూనాలు కొట్టుకొనిపోయెను. ప్రాణములు మాత్రము దక్కెను. ఆయన నిరాశ చెందక మరల మొదటినుండి సేకరింప నారంభించెను.

ఉప్పెన వెనుక అనావృష్టి వచ్చెను. 1789 మొదలు వరుసగా వానలు తప్పెను. అప్పటికి గోదావరిపైగాని, కృష్ణపైగాని ఆనకట్టలు లేవు. గోదావరి ఆనకట్ట 1852లోను, కృష్ణ ఆనకట్ట 1855లోను పూర్తియైనవి. ఆకాశమే రైతునకు ఆధారము. చెరువులెండెను, పైరులు మాడెను. 1792 వరకు సాగిన ఆ ఘోరక్షామమున ఊళ్ళకు ఊళ్ళు పాడువడెను. అందరును దైవమును నిందించుచుండగా రాక్స్‌బర్గ్ తన వానలెక్కలను ముందిడుకొని ఆలోచించెను. ఇట్టి కరవు ఇదే మొదటిదా, లేక మునుపును వచ్చినదా? ఆయన పిఠాపురము జమీందారుగారిని అడిగి తెలిసికొనెను. ఆ వంశమువారి పాతవ్రాతలలో సుమారు నూరేండ్లక్రిందటి అనావృష్టి ప్రసక్తి కనబడెను. వచ్చినది మరల రాగలదని ఆయనకు దృఢముగ తోచెను.

కావున ముందుజాగ్రత్త వలయునని ఆయన ప్రభుత్వమునకు వ్రాసెను. వానపై నాధారపడిన వరి యొక్కటే పేదలకు దిక్కు కారాదనియు, కాలువగట్లపైనను, గ్రామముల చుట్టును కొబ్బరి, తాడి, పనస, అరటి, సీమపనస మున్నగు ఆహారవృక్షములను విరివిగా పెంచవలెననియు సూచించెను. పైరు చచ్చినయేడు సైతము చెట్టు నాలుగు కాయలిచ్చునని ఆయన యాశయము. దినమునకు మూడుమార్లు వ్రాసిన చిన్న అంకెలు ఇట్లు ఆకలిగొన్నవారి పక్షమున సాక్ష్యము పలికెను.

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతియై తెలుగునాడు వీడెను. అచట రెండువేల అయిదువందలకు మించిన మొక్కలకు చిత్రములు వ్రాయించెను. సామర్లకోట కృషిఫలమైన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథము మూడువందల చిత్రములతో మూడు సంపుటములుగా 1795 మొదలు 1820 వరకు లండనులో అచ్చయ్యెను. ఆరోగ్యము చెడి 1813లో ఇండియా విడిచి, 1815 ఫిబ్రవరి 18న ఎడింబరోలో కన్నుమూసెను. భారతదేశపు మొక్కలపై ఆయన వ్రాసిన మహాగ్రంథము సంపూర్ణముగా 1832లో వెలువడెను.

ఆయన లెక్కల కథ అంతటితో ముగియలేదు. సుమారు రెండువందల యేండ్ల పిమ్మట, ఎల్ నినో అను పసిఫిక్ మహాసముద్రజలముల వేడిమిచే ఋతుపవనములు దెబ్బతినుటను పరిశోధించిన పండితులు, 1789 నాటి అనావృష్టిని గుర్తించుటకు సామర్లకోట అంకెలను తిరిగి తెరచిరి.

బాలబాలికలారా! రాక్స్‌బర్గ్ మన తీరమున కొత్త ఋతువును సృష్టింపలేదు. మీ తాతముత్తాతలు చూచిన ఎండనే, వాననే, మోదుగుపూలనే ఆయనయు చూచెను. అయితే చూచినది మరవకుండ వ్రాసియుంచెను. ఈ ఫాల్గుణమున తొలికోయిల ఏనాడు కూసెనో, మంచు ఏనాడు విడిచెనో, మీ ఊరి మామిడి ఏనాడు పిందె పట్టెనో మీరును ఒక పుస్తకమున తేదీతో వ్రాయుడు. మరుసటియేడు మరల వ్రాసి రెంటిని పోల్చి చూడుడు. నేడు అల్పముగ తోచు ఆ వ్రాత రేపు ఎవరికి అన్నము పెట్టునో, ఎవరి ప్రాణము కాపాడునో చెప్పజాలము.