అవుట్రమ్ జనరల్ ఆసుపత్రికి నూరేళ్ల వందనం

1926 మార్చి 29న గవర్నర్ లారెన్స్ గిల్మార్డ్ చేతుల మీదుగా, 800 పడకలతో అవుట్రమ్‌లో ప్రారంభమైన సింగపూర్ జనరల్ ఆసుపత్రికి 2026లో నిండు నూరేళ్లు. సంస్థ పుట్టుక ఇంకా పాతది. 1821లో సైనిక శిబిరంలో చెక్క పాకగా మొదలై, చోట్లు మారుతూ 1882లో అవుట్రమ్ చేరింది. ఆ ప్రాంతాన్ని సిపాయి లైన్స్ అనేవారు. మద్రాసు సైన్యపు సిపాయిలు బస చేసిన నేల అది. ఆ సైన్యంలో తెలుగువారూ ఉండేవారు. కాబట్టి ఈ వేడుక సింగపూర్ తెలుగువారమైన మనదీ!

ఈ నూరేళ్లూ సుఖంగా గడిచినవి కావు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఫిబ్రవరి 14న సహపాఠిని ఆ ఆవరణలో ఖననం చేస్తున్న వైద్య విద్యార్థులు ఫిరంగి గుండ్లకు బలయ్యారు. 2003లో సార్స్ సోకి ఇక్కడి శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ చావో కన్నుమూశారు. గర్వించదగ్గ ఘట్టాలూ ఉన్నాయి. దేశంలో తొలి మూత్రపిండ మార్పిడి 1970లో జరిగిందీ ఇక్కడే. 1926 నాటి మూడు బ్లాకుల్లో మిగిలిన బౌయర్ బ్లాకు, తన గడియారపు గోపురంతో, 2009 నుంచి జాతీయ స్మారకం.

పెద్ద డాక్టర్ల పేర్లు అందరికీ తెలుస్తాయి. రాత్రంతా రోగిని కనిపెట్టుకునే నర్సు, మందుల వేళలు ఓపిగ్గా చెప్పే ఫార్మసిస్టు, మళ్లీ నడక నేర్పే ఫిజియోథెరపిస్టు, బిల్లు కట్టలేని కుటుంబానికి దారి చూపే మెడికల్ సోషల్ వర్కర్ పేర్లు మనకు తెలియవు. ఈ అభినందన ముందుగా వారికి.

వారి శ్రమ ఫలించడం సగం మన చేతుల్లోనే ఉంది. ప్రాణం మీదికొస్తే 995కు, అంత అత్యవసరం కాకుండా అంబులెన్సు కావాలంటే 1777కు ఫోన్ చేయండి. మామూలు జలుబూ జ్వరాలకు పాలీక్లినిక్ చాలు. వాడుతున్న మాత్రలే కాదు, ఊరి నుంచి తెచ్చుకున్న చూర్ణాలూ లేహ్యాల సంగతి కూడా డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఇంగ్లీషు అర్థం కాకపోతే తలూపి ఊరుకోవద్దు. భాష తెలిసినవారి సాయం అడగండి.

ఇంటికి పంపే రోజున మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి: ఏ మాత్ర ఎప్పుడు, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే తిరిగి రావాలి, మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ ఏది. జ్వరం తగ్గింది కదా అని యాంటీబయాటిక్ మధ్యలో ఆపకండి. ఒకరికి రాసిన మందు మరొకరికి ఇవ్వకండి.

మనల్ని చూడడానికి వచ్చే అమ్మానాన్నలకు ఇక్కడి ప్రభుత్వ రాయితీ వర్తించదు. బయల్దేరే ముందే ఆరోగ్య బీమా తీసుకోండి. వారి బీపీ, షుగరు మందుల చీటీ వెంట ఉంచండి. వర్క్ పర్మిట్ మీద పనిచేసే అన్నదమ్ములకు ఒక మాట: ఏడాదికి కనీసం 60,000 సింగపూర్ డాలర్ల వైద్య బీమా చేయించడం 2023 జులై 1 నుంచి యజమాని బాధ్యత. జబ్బును దాచి పనికి వెళ్లకండి.

నూరేళ్లు పూర్తి చేసుకున్న ఈ వైద్యాలయం ఇంకెన్నో తరాలను కాపాడాలి. రోగులుగా మన వంతు మనం శ్రద్ధగా చేద్దాం. అంతకు మించిన పుట్టినరోజు కానుక దానికి మనం ఇవ్వలేం. మీకు నయమయ్యాక వార్డులోని నర్సుకు ఒక కృతజ్ఞతా పత్రం రాయడం మరవకండి.