పెడళ్లు మార్చుకున్న మనిషి

పోయిన సంక్రాంతికి బడిలో కలిసినప్పుడు, ఒంటికాలితో కళ్యాణదుర్గం నుంచి కారు ఎట్లా నడుపుకొచ్చినావురా అని మిత్రులు అడిగారు. నాది క్లచ్ లేని కారు, పోయిన ఎడమ కాలితో దానికి పనే లేదు. ఆ ప్రశ్న అడగాల్సింది డగ్లస్ బేడర్‌ను. రోజుకు రెండుసార్లే బస్సు వచ్చే మన పల్లెల్లో బండి నడపలేనివాడు ఇంటికే అతుక్కుపోతాడు. నేనూ అట్లా కూర్చున్న రోజుల్లో చదివిన జీవితం ఆయనది.

బేడర్ 1910 ఫిబ్రవరి 21న లండన్‌లో పుట్టాడు. తండ్రి మన దేశంలో ఇంజనీరుగా పనిచేసినవాడే. బ్రిటిష్ వైమానిక దళంలో చేరిన కొడుకు మంచి రగ్బీ ఆటగాడు, అంతకుమించిన దుడుకువాడు. 1931 డిసెంబర్ 14న వుడ్లీ మైదానంలో నేలకు మరీ దగ్గరగా విమానాన్ని దొర్లించబోతే రెక్క నేలకు తగిలింది. తప్పు ఆయనదే. కుడి కాలు మోకాలి పైన, ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. అప్పటికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు.

మరుసటి ఏడు లోహపు కాళ్లు వచ్చాయి. చేతికర్ర పట్టనని పట్టుబట్టి, పడుతూ లేస్తూ నడక నేర్చాడు. కారు దగ్గర మాత్రం మొండితనం ఒక్కటే చాలలేదు. తన ఎంజీ కారులో క్లచ్, బ్రేకు పెడళ్ల చోట్లు మార్పించాడు. దాంతో బ్రేకు, సొంత మోకాలు మిగిలిన ఎడమ కాలి కిందికి వచ్చింది. ఆ కాళ్లకు పెడల్ స్పర్శ తెలియదు; ఎంత నొక్కిందీ తొడతో, మోకాలితో అంచనా కట్టుకోవాల్సిందే. నాకు ధైర్యమిచ్చింది ఆయన యుద్ధ విజయాలు కావు, ఈ పెడళ్ల మార్పు.

విమానం కూడా మళ్లీ నడిపి చూపించాడు. అయినా అలాంటివారికి నిబంధనల్లో చోటు లేదని 1933లో ఇంటికి పంపారు. చమురు కంపెనీలో గుమాస్తాగిరీ చేశాడు. 1939లో యుద్ధం రాగానే అదే దళం ఆయన్ను తిరిగి తీసుకుంది. 1941 ఆగస్టు 9న ఫ్రాన్స్ మీద కూలిపోతున్న విమానంలో కుడి కృత్రిమ కాలు ఇరుక్కుంది. పట్టీ తెగి కాలు అక్కడే ఉండిపోయింది, మనిషి పారాచూట్‌తో బయటపడ్డాడు. అసలు కాలే అయితే ప్రాణం దక్కేది కాదేమో! శత్రువుల అనుమతితోనే బ్రిటిష్ విమానం ఆయనకు కొత్త కాలు జారవిడిచింది. 1945 దాకా ఖైదులో ఉన్నాడు.

తర్వాత కాళ్లు పోయినవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి కలిసేవాడు. 1976లో సర్ బిరుదు వచ్చింది ఆ సేవకే. 1982 సెప్టెంబర్ 5న లండన్‌లో ఒక విందు నుంచి ఇంటికి వస్తూ కారులోనే గుండె ఆగి పోయాడు. ఆ రాత్రి కారు నడిపింది ఆయన కాదు.