సూరత్‌కు బదిలీ మీద వచ్చిన మోక్షగుండం వారు

నాన్నకు బదిలీ ఆర్డరు రాగానే పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకోవడం మనకు అలవాటే. మేము సూరత్‌కు అలా వచ్చినవాళ్లమే. దాదాపు 130 ఏళ్ల కిందట ఇలాగే బదిలీ మీద ఇక్కడికి వచ్చిన ఇంజనీరు ఒకాయన ఉన్నారు. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

పూర్వీకుల ఊరు మోక్షగుండం. ఆయన పుట్టింది మాత్రం కర్ణాటకలోని ముద్దేనహళ్లిలో. చిన్నప్పుడే తండ్రి పోయారు. బెంగళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ చదువుకున్నారు. పుణేలో ఇంజనీరింగు పూర్తిచేసి 1884లో బొంబాయి ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. నాసిక్, ధూలే, సింధులోని సుక్కూరు, ఆ తర్వాత సూరత్. ఇక్కడ నగరానికి మంచినీటి పనులు చూశారు.

ఇంటికి నీళ్లు వస్తే సరిపోదు, వాడిన నీళ్లు బయటికీ పోవాలి. అక్కడే మేము తికమకపడ్డాం. మేము అన్నింటినీ డ్రైనేజీ అనేస్తాం, ఇక్కడివాళ్లు గటర్ అంటారు. ఇంజనీర్లు అలా కలిపేయరు. వంటింటి నుంచి, మరుగుదొడ్డి నుంచి వచ్చే మురుగునీరు సీవేజ్. దాన్ని భూమిలో మోసుకెళ్లే గొట్టం సీవర్. గొట్టాలు, మ్యాన్‌హోళ్లు, పంపులు, శుద్ధి కేంద్రం అన్నీ కలిస్తే సీవరేజ్. వాననీటి కాలువ స్టార్మ్ వాటర్ డ్రెయిన్, దాని దారి వేరు. మొన్న వానకు మా క్వార్టర్స్ ముందు మ్యాన్‌హోల్ మూత లేచి మురుగు పొంగింది. ఎవరో డాబా మీది వాననీటి గొట్టాన్ని సీవర్‌లో కలిపేశారట! అంత నీటిని ఆ గొట్టం మోయలేదు. కాలువలోకి మురుగు వదిలినా ముప్పే, అది నేరుగా తాపీ నదికి చేరుతుంది.

విశ్వేశ్వరయ్యగారు తర్వాత బొంబాయి ప్రభుత్వానికి శానిటరీ ఇంజనీరు అయ్యారు. 1906లో ఏడెన్ రేవుకు వెళ్లి నీటి సరఫరాకు, మురుగు పారుదలకు పథకాలు సిద్ధం చేశారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదులో వేలమంది చనిపోయారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం ఆయన్ను పిలిపించింది. ఆయన వరదను, మురుగును రెండు వేరు లెక్కలుగా చూశారు. వరదకు ఎగువన జలాశయాలు కట్టమన్నారు. అలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఊళ్లోని మురుగుకు భూగర్భ డ్రైనేజీ పథకం వేసిచ్చారు.

1955లో భారతరత్న అందుకున్నారు. నూరేళ్లు దాటాక 1962లో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం చేస్తాం కదా, ఈసారి మా చార్టులో ఆ నాలుగు మాటలకూ నాలుగు రంగులు వేస్తున్నాం.