ధ్వనులకు పదాలు కూర్చిన వైద్యుడు: పీటర్ మార్క్ రోజే

ఆంగ్లాన్ని అభ్యసించే మన విద్యార్థులకు వ్యాకరణం కన్న పదసంపద వద్దనే ఎక్కువ చిక్కులు ఎదురవుతాయి. అందులోను ధ్వనులను వర్ణించే మాటలు మరింత కష్టం. ఎండుటాకుల చప్పుడు, ఇనుప గొలుసు చప్పుడు, తలుపు తిరిగేటప్పటి చప్పుడు, దూరాన ఉరుము చప్పుడు - వీటన్నిటికీ మాతృభాషలో వేరువేరు మాటలు అప్రయత్నంగా నోటికి వస్తాయి. ఆంగ్లంలో వ్రాయవలసి వచ్చినప్పుడు మాత్రం సౌండ్, నాయిస్ అనే రెండు మాటలతోనే సరిపెట్టుకుంటాము. చెవికి తెలిసిన భేదం కలానికి అందదు. నిఘంటువు తెరిచినా ప్రయోజనం ఉండదు. నిఘంటువు తెలిసిన మాటకు అర్థం చెబుతుందే గాని, తెలిసిన అర్థానికి తెలియని మాటను చూపదు. ఈ లోటును గుర్తించి, తన వార్ధక్యంలో దానిని తీర్చినవాడు పీటర్ మార్క్ రోజే. ఆయన వృత్తిచేత భాషాపండితుడు కాడు, వైద్యుడు. ఆయన జీవితాన్ని, ప్రత్యేకించి ఆంగ్ల ధ్వనిపదాల విషయంలో ఆయన చేసిన ఉపకారాన్ని మన విద్యార్థుల ముందుంచాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

రోజే 1779 జనవరి 18వ తేదీన లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి జాన్ రోజే స్విట్జర్లాండ్‌లోని జెనీవా నుండి వచ్చిన మతాచార్యుడు, లండన్‌లోని ఒక ఫ్రెంచి ప్రొటెస్టెంట్ ప్రార్థనాలయంలో బోధకుడు. తల్లి క్యాథరిన్. ఇంటిపేరు ఫ్రెంచిది కనుకనే చివరి అక్షరం పలుకక రోజే అని అంటారు. బాలునికి నాలుగేళ్లు నిండీ నిండకముందే, 1783లో, తండ్రి క్షయవ్యాధితో మరణించాడు. తల్లి పిల్లలను వెంటబెట్టుకొని ఊళ్లు మారుతూ కాలం గడిపింది. ఆ కుటుంబానికి అండగా నిలిచినవాడు మేనమామ శామ్యూల్ రోమిలీ. ఆయన ప్రఖ్యాత న్యాయవాది, స్వల్పనేరాలకు సైతం మరణశిక్ష విధించే ఆనాటి చట్టాలను సంస్కరించడానికి పార్లమెంటులో పోరాడినవాడు.

రోజే 1793లో, పద్నాలుగేళ్ల ప్రాయంలోనే, ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరి, 1798లో వైద్యపట్టం పొందాడు. అప్పటికి ఆయన వయస్సు 19 సంవత్సరాలు. అంత చిన్నవానిని నమ్మి నాడి చూపించుకొనే రోగులు దొరకడం కష్టం. కనుక కొంతకాలం బ్రిస్టల్‌లో వాయువులతో చికిత్సలు పరీక్షించే సంస్థలో పనిచేశాడు. తరువాత మాంచెస్టర్‌కు చెందిన ఒక సంపన్నుని కుమారులు ఇద్దరికి ఉపాధ్యాయుడై, 1802లో వారిని ఐరోపా యాత్రకు తీసుకొని వెళ్లాడు. వారు జెనీవాలో ఉండగా 1803లో ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు మళ్లీ యుద్ధం మొదలైంది. జెనీవా అప్పుడు ఫ్రాన్సు ఏలుబడిలో ఉంది. నెపోలియన్ తన అధీనంలోని ప్రదేశాలలో ఉన్న ఆంగ్లేయ పురుషులను నిర్బంధించవలసిందిగా ఆజ్ఞాపించాడు. రోజే తన తండ్రి జెనీవా పౌరుడని పత్రాలతో రుజువు చేసి, నిర్బంధం తప్పించుకొని, శిష్యులిద్దరినీ క్షేమంగా స్వదేశం చేర్చాడు. నాలుగేళ్ల వయసులో కోల్పోయిన తండ్రి పేరే ఆ విపత్తులో ఆయనను కాపాడింది.

1804లో రోజే మాంచెస్టర్ చేరి అక్కడి ఆసుపత్రిలో వైద్యుడయ్యాడు. వైద్యవిద్యార్థులకు ఉపన్యాసాలు కూడ ఇచ్చేవాడు. వ్రాసేటప్పుడు, ప్రసంగించేటప్పుడు తగిన మాట సమయానికి తోచక తడుముకోవడం ఆయనకు కూడ అనుభవమే. ఆ కొరత తీర్చుకోవడానికి, కేవలం తన సొంత ఉపయోగం కోసం, 1805లో ఒక చిన్న పదపట్టిక తయారు చేసుకున్నాడు. మాటలను అక్షరక్రమంలో కాక భావక్రమంలో అమర్చుకోవడమే దాని విశేషం. ఆ వ్రాతప్రతిని దాదాపు అర్ధశతాబ్దం తన దగ్గరనే ఉంచుకున్నాడు.

1808లో ఆయన లండన్‌కు నివాసం మార్చాడు. పేదలకు వైద్యం అందించే నార్తరన్ డిస్పెన్సరీ స్థాపనకు కృషి చేసి, అక్కడ అనేక సంవత్సరాలు సేవచేశాడు. ఘాతాలను, మూలాలను సులభంగా లెక్కించడానికి వీలయ్యే ఒక గణనపట్టీని రూపొందించి, 1815లో రాయల్ సొసైటీ సభ్యత్వం పొందాడు. నిలువు సందుల గుండా చూచినప్పుడు తిరుగుతున్న చక్రపు ఆకులు వంగినట్లు కనిపించే దృష్టిభ్రమను గురించి 1824లో ఒక పత్రం సమర్పించాడు. చలనచిత్ర పూర్వచరిత్ర వ్రాసేవారు ఆ పత్రాన్ని తప్పక స్మరిస్తారు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అనుబంధ సంపుటాలకు ఆయన వ్రాసిన వ్యాసాలలో చెవిటి, మూగవారిని గురించినది ఒకటి. 1834లో ప్రకటించిన శరీరధర్మశాస్త్ర గ్రంథంలో వినికిడిని గురించి వివరంగా చర్చించాడు. ధ్వని అంటే ఏమిటో, అది చెవిని ఎలా చేరుతుందో, చేరనివాని గతి ఏమిటో ముందు శాస్త్రజ్ఞుడుగా విచారించిన పిమ్మటనే ఆయన ధ్వనిని తెలిపే మాటల జోలికి వచ్చాడని దీనివలన మనం గ్రహించాలి.

కీర్తితో పాటు దుఃఖం కూడ ఆయన వెంట నడిచింది. 1818లో భార్య మరణాన్ని సహించలేక మేనమామ రోమిలీ కొద్ది దినాలలోనే ఆత్మహత్య చేసుకున్నాడు. తండ్రివంటి ఆ పెద్దకు అప్పుడు వైద్యం చేస్తున్నది రోజేయే. కాపాడుకోలేకపోయాడు. 1824లో రోజే మేరీ హాబ్సన్‌ను వివాహమాడాడు. వారికి ఒక కుమార్తె, ఒక కుమారుడు కలిగారు. ఆమె కూడ 1833లో క్యాన్సర్ వ్యాధితో కన్నుమూసింది. ఇన్ని ఆఘాతాల నడుమ ఆయన పని ఆపలేదు. 1827 నుండి 1848 వరకు రాయల్ సొసైటీ కార్యదర్శిగా పనిచేశాడు.

కార్యదర్శి పదవి విడిచేనాటికి ఆయనకు డెబ్బదేళ్లు కావస్తున్నాయి. అందరూ విశ్రాంతి కోరుకొనే ఆ వయస్సులో ఆయన 1805 నాటి పాత వ్రాతప్రతిని బయటికి తీశాడు. సుమారు నాలుగేళ్లు శ్రమించి, 1852లో థిసారస్ అనే పేరుతో దానిని ప్రచురించాడు. ఆ మాటకు భాండాగారమని అర్థం. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం ప్రాణికోటిని ఏ విధంగా వర్గాలుగా విభజిస్తాయో, అదే విధంగా ఆయన సమస్త భావాలను ఆరు మహావర్గాలుగా, వేయి శీర్షికలుగా విభజించి, ఒక్కొక్క శీర్షిక క్రింద దానికి చెందిన మాటలను చేర్చాడు. పరస్పర విరుద్ధ భావాలను వీలైనచోట పక్కపక్కనే నిలిపాడు. అదే 1852లో మన దేశంలో సి. పి. బ్రౌన్ దొరగారి తెలుగు-ఆంగ్ల నిఘంటువు మద్రాసులో వెలువడింది. ఒకటి మాట నుండి అర్థానికి దారి చూపితే, మరొకటి అర్థం నుండి మాటకు దారి చూపింది.

ఇక ధ్వనుల విషయానికి వద్దాము. మూడవ మహావర్గమైన పదార్థంలో, స్పర్శ, ఉష్ణం, రుచి, వాసనల తరువాత, వెలుగుకు ముందు, ధ్వనికి స్థానం కల్పించాడు. 402వ శీర్షికతో ప్రారంభమైన ఈ భాగం 419వ శీర్షికతో ముగుస్తుంది. మొదట ధ్వని, దానికి ఎదురుగా నిశ్శబ్దం. తరువాత పెద్ద ధ్వని, దానికి ఎదురుగా సన్నని ధ్వని. విస్పర్, మర్మర్ వంటివి ఈ రెండవ దానిలోనివి. పిమ్మట ధ్వని స్వభావాన్ని బట్టి విభాగాలు వస్తాయి. ఒక్కసారిగా పుట్టి ఆగిపోయేవి ఒక గుంపు: స్నాప్, క్రాక్, బ్యాంగ్. ఆగకుండా దొర్లుతూ సాగేవి మరొక గుంపు: రంబుల్, రాటిల్, ప్యాటర్. మ్రోగి నిలిచేవి ఇంకొకటి: రింగ్, చైమ్, జింగిల్. బుసలు, ఈలలు వేరొకటి: హిస్, విజ్, రసిల్. చెవికి కటువుగా గీరుకొనేవి మరొకటి: క్రీక్, గ్రేట్, జార్. ఆ తరువాత మనుష్యుల కేకలు, జంతువుల అరుపులు, సంగీతం, అపస్వరం, చిట్టచివర వినికిడి, చెవుడు.

ఈ అమరికలోని ప్రయోజనాన్ని విద్యార్థులు శ్రద్ధగా గమనించాలి. తాను విన్న ధ్వని ఒక్కసారి వినిపించిందా, వరుసగా సాగిందా? మ్రోగిందా, గీరుకున్నదా? పెద్దదా, చిన్నదా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిసినవాడు, మాట తెలియకపోయినా, సరైన గుంపు వద్దకు తిన్నగా చేరగలడు. మాటల కోసం వెదుకుతున్నామనుకుంటూనే మనం మన చెవికి శిక్షణ ఇస్తాము. రోజే గ్రంథం నేర్పే మొదటి పాఠం ఇదే.

ఈ పద్ధతి మన దేశానికి పూర్తిగా కొత్తది కాదు. మన అమరకోశం ఎన్నో శతాబ్దాల క్రితమే మాటలను భావక్రమంలో వర్గాలుగా కూర్చింది. అందులో శబ్దాదివర్గమనే విభాగమే ఉన్నది. ఆకుల చప్పుడుకు మర్మరమని, నగల చప్పుడుకు శింజితమని అమరసింహుడు వేరువేరు పేర్లు చెప్పాడు. కోల్‌బ్రూక్ సంపాదకత్వంలో 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన అమరకోశాన్ని రోజే ఎరుగును. తనకు ముందు నడచిన వారిలో దానిని ప్రాచీనతమమైనదిగా పేర్కొన్నాడు. అయితే ఆ వర్గీకరణ అసంపూర్ణమని, గజిబిజిగా ఉన్నదని కూడ అభిప్రాయపడ్డాడు. ఆ తీర్పుతో మేము పూర్తిగా ఏకీభవించలేము. అమరకోశం కంఠస్థం చేయడానికి ఛందస్సులో కూర్చినది, రోజే గ్రంథం వెదకి చూచుకోవడానికి కూర్చినది. రెండింటి లక్ష్యాలు వేరు.

మన భాషలు ధ్వనిపదాలలో ఏమాత్రం బీదవి కావు. తెలుగులో చప్పుడు, సవ్వడి, అలికిడి, రొద, మ్రోత, ఘోష - ఒక్కొక్కదాని స్థాయి వేరు. గాజులు గలగలమంటాయి, గంట గణగణమంటుంది, చినుకులు చిటపటమంటాయి, తలుపు కిర్రుమంటుంది. ఉర్దూలో ఆకుల సవ్వడి సర్‌సరాహట్, గాజుల సవ్వడి ఖనక్. మన అలికిడికి ఉర్దూలోని ఆహట్ ఎంత చక్కగా సరిపోతుందో రెండు భాషలూ వినే మన విద్యార్థులకు చెప్పనక్కరలేదు. కాని ఒక భేదం ఉన్నది. తెలుగులో ధ్వన్యనుకరణ పదానికి సాధారణంగా అను ధాతువు తోడుకావాలి. ఆంగ్లంలో అదే మాట నామవాచకమూ అవుతుంది, క్రియా అవుతుంది. ఆకు రసిల్ చేసే చప్పుడు చేసిందని అక్కడ వ్రాయనక్కరలేదు. రసిల్ అనే క్రియ ఒక్కటే చాలు. ఈ కిటుకు తెలిసినవాని వాక్యం సగానికి తగ్గి, రెట్టింపు బలం పొందుతుంది.

ఒక హెచ్చరిక కూడ చేయవలసి ఉన్నది. రోజే తన గ్రంథంలో మాటలను కూర్చాడే గాని వాటి అర్థాలను నిర్వచించలేదు. పక్కపక్కన ఉన్న మాటలన్నీ సమానార్థకాలని భ్రమించి, వినసొంపుగా ఉన్నదానిని ఏరుకొనేవాడు నవ్వులపాలవుతాడు. క్లింక్, క్లాంక్ చూడటానికి తోబుట్టువులే. కాని మొదటిది గాజుగ్లాసులు తాకినప్పటి చిన్న చప్పుడు, రెండవది బరువైన ఇనుప గొలుసు చప్పుడు. కనుక థిసారస్‌లో మాటను కనుగొని, నిఘంటువులో దానిని పరీక్షించి, మంచి రచయితల వాక్యాలలో దాని నడక చూచిన పిమ్మటనే వాడాలి. పదాల పేర్లు చెప్పుకొనడం పాండిత్యం కాదు, తగినచోట తగిన మాటను నిలపడమే పాండిత్యం.

రోజే తన చివరి రోజుల వరకు ఆ గ్రంథాన్ని దిద్దుతూ, మాటలను చేరుస్తూనే ఉన్నాడు. 1869 సెప్టెంబరు 12వ తేదీన, తన 90వ ఏట, వెస్ట్ మాల్వర్న్‌లో పరమపదించాడు. అప్పటికి ఆ గ్రంథం 28 సార్లు అచ్చయింది. కుమారుడు జాన్ లూయిస్ రోజే దానిని విస్తరించి 1879లో కొత్త కూర్పు వెలువరించాడు. ఆ తరువాత మనుమడు శామ్యూల్ రోమిలీ రోజే ఆ బాధ్యత స్వీకరించాడు. కాపాడుకోలేకపోయిన మేనమామ పేరు ఆ విధంగా మనుమని పేరులో నిలిచి, గ్రంథసేవలో పాలుపంచుకున్నది.

వైద్యుడుగా, గణితజ్ఞుడుగా, శాస్త్రసంస్థల సేవకుడుగా రోజే చేసిన కృషిని నేడు కొద్దిమందే ఎరుగుదురు. ఇరవై ఆరేళ్ల వయస్సులో తన లోటు తీర్చుకోవడానికి వ్రాసుకున్న పట్టికయే ఆయనను చిరంజీవిని చేసింది. మన విద్యార్థులు ప్రతి ఒక్కరూ అటువంటి పట్టికను నేడే ప్రారంభించవచ్చును. ఒక పుస్తకంలో తాము ప్రతిదినం వినే ధ్వనులను గుంపులుగా వ్రాసుకొని, ఒక్కొక్క దానికి తెలుగు మాట, ఉర్దూ మాట, ఆంగ్లపు మాట పక్కపక్కన చేర్చుకుంటూ పోతే, చదువు ముగిసేనాటికి అది వారి సొంత భాండాగారం అవుతుంది. దానికి కావలసినవి ఒక కలం, ఒక పుస్తకం, శ్రద్ధగా వినే చెవి. ఈ మూడింటికి పేదవాడైన విద్యార్థి ఎవ్వడూ లేడని మా విశ్వాసం.