తొలి భారతీయ ఏస్ పైలట్ ఇంద్రలాల్ రాయ్

భారత వైమానిక దళం 1932 అక్టోబర్ 8న ఆవిర్భవించింది. అంతకు 14 ఏళ్ళ ముందే ఒక భారతీయ యువకుడు ఫ్రాన్స్ గగనతలంలో 13 రోజుల వ్యవధిలో 10 విజయాలు సాధించి, 19 ఏళ్ళ ప్రాయంలో వీరమరణం పొందారు. ఆయనే ఇంద్రలాల్ రాయ్. ఐదు లేదా అంతకు మించి శత్రు విమానాలను కూల్చిన పైలట్‌ను ఏస్‌గా పరిగణించడం ఆనాటి ఆనవాయితీ. ఆ గుర్తింపు పొందిన తొలి భారతీయుడు ఆయనే.

ఇంద్రలాల్ రాయ్ 1898 డిసెంబర్ 2న కలకత్తాలో జన్మించారు. తండ్రి పియారీలాల్ రాయ్ పేరొందిన బారిస్టర్. తల్లి లలితా రాయ్ ఇంగ్లండులో మహిళల ఓటు హక్కు ఉద్యమంలో పాలుపంచుకున్నారు. అన్న పరేశ్‌లాల్ రాయ్ తరువాతి కాలంలో భారతీయ బాక్సింగ్‌కు పితామహునిగా ఖ్యాతి గడించారు. కుటుంబం లండన్‌లో స్థిరపడటంతో ఇంద్రలాల్ అక్కడి సెయింట్ పాల్స్ పాఠశాలలో విద్యాభ్యాసం చేశారు. ఆయన చదువుకుంటున్న రోజుల్లోనే మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమైంది.

బ్రిటిష్ సైన్యంలోని వైమానిక విభాగమైన రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరాలని ఆయన సంకల్పించారు. అయితే కంటిచూపు సరిగా లేదన్న కారణంతో అధికారులు దరఖాస్తును తిరస్కరించారు. ఆయన నిరాశ చెందలేదు. తన మోటారు సైకిలును అమ్మి, ఆ సొమ్ముతో ప్రముఖ నేత్ర వైద్యుని చేత మరోసారి పరీక్ష చేయించుకున్నారు. దాంతో తిరస్కరణ రద్దయింది. 1917 జూలై 5న ఆయనకు సెకండ్ లెఫ్టినెంట్ హోదా లభించింది.

ఆ హోదా ప్రాముఖ్యాన్ని నాటి పరిస్థితుల నేపథ్యంలో గ్రహించవలసి ఉంటుంది. యుద్ధరంగంలో లక్షలాది భారతీయ సైనికులు ప్రాణాలొడ్డి పోరాడుతున్నా, బ్రిటిష్ అధికారులతో సమానమైన హోదా వారికి అందని ద్రాక్షగానే ఉండేది. ఇటువంటి సమయంలో వైమానిక విభాగంలో అధికారులుగా యుద్ధరంగానికి వెళ్ళిన నలుగురు భారతీయులలో ఇంద్రలాల్ ఒకరు. మిగిలిన ముగ్గురు హర్దిత్ సింగ్ మాలిక్, ఎర్రోల్ సేన్, శ్రీకృష్ణ వెలింకర్. వీరిలో వెలింకర్ 1918లో అమరులయ్యారు. సేన్ జర్మన్లకు యుద్ధఖైదీగా చిక్కారు. మాలిక్ స్వాతంత్ర్యానంతరం ఫ్రాన్స్‌లో భారత రాయబారిగా సేవలందించారు.

శిక్షణానంతరం ఇంద్రలాల్ 1917 అక్టోబర్ చివరలో 56వ స్క్వాడ్రన్‌లో చేరారు. అక్కడ ఆయన నడిపింది ఎస్.ఇ.5ఎ రకం యుద్ధ విమానం. చెక్క చట్రంపై గుడ్డ కప్పి నిర్మించిన ఈ ఒంటి సీటు విమానం గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో ప్రయాణించేది. తిరిగే ప్రొపెల్లర్ రెక్కల మధ్య నుంచి గుళ్ళు వెలువరించే మెషిన్ గన్ ఒకటి, పై రెక్క మీద మరొకటి అమర్చి ఉండేవి. పైలట్‌కు పారాచూట్ ఇచ్చేవారు కాదు. విమానానికి నిప్పంటుకుంటే తప్పించుకునే మార్గమే లేదు.

1917 డిసెంబర్ 6న ఆయన విమానం కూలిపోయింది. స్పృహలేని స్థితిలో ఉన్న ఆయనను మరణించినట్లుగా భావించి శవాగారంలో ఉంచారని, తెలివి వచ్చాక ఆయన తలుపు తట్టి సిబ్బందిని దిగ్భ్రాంతికి గురిచేశారని చెబుతారు. వైద్యులు ఆయన విమానం నడపడానికి అనర్హులని తేల్చారు. కోలుకుంటున్న రోజుల్లో విమానాల రేఖాచిత్రాలు గీస్తూనే, తిరిగి విధుల్లో చేరేందుకు పట్టు విడవకుండా ప్రయత్నించి సఫలీకృతులయ్యారు. 1918 జూన్‌లో 40వ స్క్వాడ్రన్‌లో చేరి, కెప్టెన్ జార్జ్ మెకెల్‌రాయ్ ఆధ్వర్యంలో పోరాట మెళకువలు నేర్చుకున్నారు.

1918 జూలై 6న హనోవర్ రకం జర్మన్ విమానాన్ని కూల్చి ఆయన తొలి విజయం నమోదు చేశారు. జూలై 8న నాలుగు గంటల వ్యవధిలో మూడు విజయాలు సాధించారు. జూలై 19 నాటికి మొత్తం విజయాలు 10కి చేరాయి. వీటిలో రెండు సహచరులతో కలిసి సాధించినవి. మూడు రోజుల అనంతరం, జూలై 22న కార్వాన్ పట్టణ పరిసరాల్లో ఫోకర్ డి.7 విమానాలతో జరిగిన భీకర పోరులో ఆయన విమానం కూలిపోయింది. ఫ్రాన్స్‌లోని ఎస్తెవెల్ గ్రామ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1918 సెప్టెంబర్‌లో మరణానంతరం డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ప్రకటించింది. ఈ పతకం పొందిన తొలి భారతీయుడు కూడా ఆయనే.

ఆనాటి వైమానిక యుద్ధంతో తెలుగునాటికీ సంబంధం ఉంది. ఇంద్రలాల్ మరణించిన కొద్ది వారాలకే 110వ స్క్వాడ్రన్ ఫ్రాన్స్ చేరుకుంది. దీనికి డి.హెచ్.9ఎ రకం రెండు సీట్ల బాంబర్ విమానాలను ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ విరాళంగా సమకూర్చారు. అందువల్లనే ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు స్థిరపడింది. జర్మనీలోని లక్ష్యాలపై పగటిపూట దాడులు చేసిన ఈ దళం భారీ నష్టాలను చవిచూసింది. భారతదేశపు ధనాన్ని స్వీకరించడంలో లేని సంకోచం, భారతీయులను పైలట్లుగా స్వీకరించడంలో మాత్రం పాలకులకు ఉండేది.

ఇంద్రలాల్ వంటి వారు సామర్థ్యాన్ని ప్రాణాలొడ్డి నిరూపించినా, యుద్ధం ముగిశాక భారతీయులకు ఆ తలుపులు మళ్ళీ మూసుకుపోయాయి. 1925లో నియమితమైన స్కీన్ కమిటీ సిఫారసుల అనంతరం 1930లో గానీ భారతీయ యువకులకు క్రాన్‌వెల్ శిక్షణ కళాశాలలో ప్రవేశం లభించలేదు. ఆ తొలి బృందంలోని సుబ్రతో ముఖర్జీ ఇంద్రలాల్ బంధువర్గానికి చెందినవారు. ఆయనే 1954లో భారత వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు.

ఇంద్రలాల్ శతజయంతి సందర్భంగా 1998 డిసెంబర్‌లో తపాలా శాఖ ప్రత్యేక స్టాంపు విడుదల చేసింది. కలకత్తా భవానీపూర్‌లోని ఒక వీధి ఆయన పేరుతో కొనసాగుతోంది. హైదరాబాద్ సమీపంలోని దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో ఇప్పుడు యువతీ యువకులు అధికారులుగా శిక్షణ పొందుతున్నారు. మోటారు సైకిలు అమ్ముకుని మరీ ఇంద్రలాల్ సంపాదించుకోవలసి వచ్చిన అవకాశం నేడు వారికి హక్కుగా లభిస్తోంది.